అరకు, లంబసింగి, వంజంగి వెళ్తున్నారా? కొండ మీద ప్లాస్టిక్ వదలకుండా రావడం ఎలా

కార్తీకం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా విశాఖ నుంచి మన్యం వైపు వెళ్లే ఘాట్ రోడ్లు కార్లు, బైకులతో కిటకిటలాడతాయి. వంజంగి కొండకైతే జనం చీకటితోనే ఎక్కేస్తారు. మేఘాల మీద సూర్యుడు కనిపించేదాకా ఫోన్లు పట్టుకుని నిలబడి, ఎండ ముదిరేసరికి దిగిపోతారు. వాళ్లు దిగాక పక్కనున్న పొదల్లోకి ఓసారి చూడండి. సగం తాగిన వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు, నూడుల్స్ కప్పులు, టీ కప్పులు కనిపిస్తాయి.

అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "అక్కడ డస్ట్‌బిన్ లేదండీ." నిజమే, చాలా చోట్ల ఉండదు. ఉన్నా పెద్ద తేడా రాదు. కొండ మీద డబ్బా పెడితే దాన్ని రోజూ ఖాళీ చేసి కిందికి మోసే మనిషి కావాలి. కింద నుంచి తీసుకెళ్లే బండి కావాలి. ఆ బండి వెళ్లి దించడానికి చెత్తను వేరుచేసే చోటు కావాలి. శని, ఆదివారాల్లో నగరం నుంచి వచ్చిపడే జనం వదిలే చెత్తనంతా ఓ చిన్న గిరిజన పంచాయతీ ఎత్తిపోస్తుందని ఆశించడం అన్యాయం. ఈలోపు కోతులు, కుక్కలు డబ్బాను బోర్లా పడేస్తాయి, గాలి మిగతా పని చేస్తుంది, వానాకాలంలో అదంతా గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి జారుతుంది. ఆ గెడ్డ నీళ్లే కింది ఊళ్లలో పశువులు తాగేది.

కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: మీరు పైకి ఎక్కించిందాన్ని మీరే కిందికి దింపాలి. దింపడం కష్టమనిపించేది ఏదైనా ఉంటే, దాన్ని ఇంటి దగ్గరే ఆపేయాలి. అందుకే ఇందులో సగానికి పైగా పని బయల్దేరకముందే ఉంటుంది.

1. ముందు నీళ్ల సంగతి చూసుకోండి

నలుగురు కలిసి కారులో రెండు రోజులు వెళ్తున్నారనుకుందాం. మనిషికి రోజుకు రెండు లీటర్లు వేసుకున్నా లీటరు బాటిళ్లు పదహారు అవుతాయి. అదే నీళ్లు 20 లీటర్ల టిన్ను ఒక్కదానిలో పట్టి ఇంకా ఖాళీ మిగులుతుంది. బండికో టిన్ను, మనిషికో స్టీలు బాటిల్. మొత్తం ట్రిప్పులో ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే పని ఇంకొకటి లేదు.

టిన్ను ఇంటి దగ్గరే నింపుకోవచ్చు. బరువనుకుంటే ఘాట్ ఎక్కే ముందు నింపుకోండి: లంబసింగి వైపైతే నర్సీపట్నంలో, పాడేరు, వంజంగి వైపైతే చోడవరంలో, అరకు వైపైతే ఎస్.కోట (శృంగవరపుకోట)లో. పైకెళ్లాక వెతుక్కోవడం కంటే కింది ఊళ్లో వాటర్ ప్లాంటు దగ్గర ఆగడం తేలిక. టిన్నును వంచి పోసుకుంటే సగం నీళ్లు సీటు పాలవుతాయి, అందుకని మూతకు బిగించే చేతిపంపు ఒకటి కొనిపెట్టుకోండి. రైల్లో అరకు వెళ్లేవాళ్లకు టిన్ను కుదరదు కాబట్టి ఐదు లీటర్ల క్యాన్ చాలు.

రూమ్ బుక్ చేసేటప్పుడు వైఫై ఉందా, వేడినీళ్లు వస్తాయా అని అడుగుతాం కదా, అదే ఫోన్లో "తాగడానికి ఫిల్టర్ నీళ్లు పట్టుకోవచ్చాండీ?" అని కూడా అడగండి. పది మంది అడిగితే ఫిల్టర్ పెట్టించే ఓనర్లు ఉంటారు. ఎవరూ అడక్కపోతే వాళ్లకు బాటిళ్లు అమ్ముకోవడమే లాభం.

ఎంత ప్లాన్ చేసినా ఒక్కోసారి బాటిల్ కొనక తప్పదు. పిల్లలుంటే మరీను. కొనండి, దాహంతో ఉండి సాధించేది ఏమీ లేదు. తాగాక నలిపి, మూత బిగించి మీ సంచిలో వేసుకోండి. మూతను విడిగా వదిలేయొద్దు, చెత్త ఏరేవాళ్ల కళ్లకు ఆనకుండా పోయేవి అవే.

2. ప్యాకెట్లు ఇంట్లోనే విప్పండి

ప్లాస్టిక్ నిషేధం ఉంది కదా, అయినా ఇంత చెత్త ఎలా వస్తోందని చాలామంది అడుగుతారు. దేశమంతటా 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నిషేధంలో ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, థర్మాకోల్ అలంకరణ సామాను లాంటివి ఉన్నాయి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు ఆ ఏడాది చివరికే ఆగిపోవాల్సింది. వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఆ జాబితాలో లేవు. అంటే కొండ మీద మీకు కనిపించే చెత్తలో పెద్ద భాగం చట్టప్రకారం అమ్మిందీ, కొన్నదీ. దాని సంగతి చట్టం చూసుకుంటుందని ఎదురు చూడొద్దు.

చిప్స్ ప్యాకెట్‌తో ఇబ్బంది ఏమిటంటే, అది ఒక్క పదార్థం కాదు. ప్లాస్టిక్ పొరలు, మధ్యలో లోహపు పూత కలిపి అతికించి ఉంటాయి. వాటిని విడదీయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి పాత సామాన్లవాళ్లు ముట్టుకోరు. బాటిల్‌ని ఎవరో ఒకరు ఏరుకుంటారు. ప్యాకెట్ పడినచోటే ఉంటుంది.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఇలా చేయండి. కొన్న చిరుతిళ్లన్నీ విప్పి స్టీలు డబ్బాల్లో, గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో పోసేయండి. ఖాళీ కవర్లు మీ ఇంటి చెత్తబుట్టలోనే పడతాయి. ఇంట్లో చేసిన జంతికలు, చేగోడీలు ఉంటే అసలు గొడవే లేదు. పాడేరు దారిలో మాడుగుల హల్వా కొనడం మామూలే కాబట్టి చేతిలో డబ్బా ఉంచుకుని "ఇందులో వేసివ్వండి" అని అడగండి. పేస్టు, షాంపూ కూడా అంతే. సాచెట్లు మానేసి చిన్న సీసాలో పోసుకెళ్లండి. జలపాతాల దగ్గర రాళ్ల సందుల్లో ఇరుక్కునేవి ఎక్కువగా ఈ షాంపూ సాచెట్లే. అసలు పారే నీళ్లలో షాంపూ స్నానం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్లేట్ల విషయానికి వస్తే, మన్యంలో అడ్డాకుల కంటే మంచివి దొరకవు. అడవి నుంచి ఆకు తెచ్చి, పుల్లలతో కుట్టి గిరిజన మహిళలు సంతల్లో అమ్ముతారు. కొంటే డబ్బులు ఆ ఊళ్లోనే ఉంటాయి, తిన్నాక పడేసిన ఆకు మట్టిలో కలుస్తుంది. పట్నం షాపుల్లో దొరికే ఆకుపచ్చ రంగు "ఆకు ప్లేట్ల"తో జాగ్రత్త. చాలావాటికి కాగితం మీద ఆకు బొమ్మ వేసి, పైన ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అంచు చింపి చూడండి. చిరిగినచోట పల్చటి పొర సాగితే అది ప్లాస్టికే.

3. సంచి

బండికి రెండు సంచులు. పాతిక కిలోల పాత బియ్యం సంచులు దీనికి భేషుగ్గా పనికొస్తాయి, చిరగవు, మళ్లీ కడిగి వాడుకోవచ్చు. ఒకటి పొడి చెత్తకు. రెండోది డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, తిండి అంటిన వాటికి. ఈ రెండో సంచిలో అడుగున పాత పేపర్లు పరిచి, డైపర్లను విడిగా పేపర్లో చుట్టి వేస్తే వాసన రాదు.

సంచి డిక్కీలో అట్టడుగున ఉంటే ఎవరూ తీయరు. ముందు సీటు వెనక కట్టండి, చెయ్యి చాస్తే అందాలి. చాక్లెట్ కాగితాలు, బాటిల్ సీళ్లు, సిగరెట్ పీకల్లాంటి చిన్నవాటికి మూతున్న ఓ చిన్న డబ్బా. సిగరెట్ పీక దూదిలా కనిపిస్తుంది గానీ అదీ ప్లాస్టిక్ జాతే. బైక్ మీద వెళ్లేవాళ్లకు జిప్ ఉన్న చిన్న బ్యాగు ఒకటి చాలు.

4. కొండ మీద ఉన్నప్పుడు

టీ తాగేటప్పుడు మీ స్టీలు గ్లాసు ఇవ్వండి. "అమ్మా, ఇందులో పోయండి" అంటే ఎవరూ కాదనరు, వాళ్లకూ ఓ కప్పు మిగులుతుంది. పేపర్ కప్పు కాబట్టి పరవాలేదనుకుంటాం గానీ, తడికి నానకుండా దాని లోపల ప్లాస్టిక్ పొర వేస్తారు. ఆ పొర ఒంటికీ మంచిది కాదు. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు పేపర్ కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచి చూస్తే, అందులో సుమారు 25 వేల ప్లాస్టిక్ రేణువులు చేరాయని తేలింది. నూడుల్స్ తినాలనిపిస్తే మీ గిన్నెలో వేయించుకోండి. బొంగు చికెన్ అయితే ఎలాగూ ఆకులోనే పెట్టిస్తారు, కవర్లో కట్టివ్వొద్దని ఓ మాట చెబితే చాలు.

చలిమంట వేసుకున్నప్పుడు ప్యాకెట్లు అందులో పడేయడం చాలామందికి అలవాటు, శుభ్రం చేశామనే అనుకుంటారు కూడా. ప్లాస్టిక్ కాలితే వచ్చే విషవాయువుల్ని పీల్చేది చుట్టూ కూర్చున్న మీ పిల్లలే. లోహపు పూత పూర్తిగా కాలదు, బూడిదలో ముద్దగా మిగులుతుంది. పైగా ఇది నేరం కూడా. చెత్తను బహిరంగంగా తగలబెడితే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున చేస్తే 25 వేలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లో ఆదేశించింది. పాతిపెట్టడం ఇంకో అలవాటు. రెండు వానలు పడితే పైకి తేలుతుంది.

తిండి మిగిలిన కవర్ ముడి వేసి పడేయడం అన్నిటికంటే ప్రమాదం. ఉప్పు, మసాలా వాసనకు పశువు వచ్చి కవరుతో సహా మింగేస్తుంది. ఆవు పొట్టలోకి వెళ్లిన ప్లాస్టిక్ అరగదు, బయటికీ రాదు, ఏళ్ల తరబడి ముద్దలా పేరుకుంటుంది. ఆపరేషన్ చేసి కిలోల కొద్దీ తీసిన సందర్భాలున్నాయి. ఈ బాధ చూసే పుట్టపర్తికి చెందిన జంతు సంరక్షణ సంస్థ కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మిగిలిన అన్నం పశువుకు పెట్టాలనుకుంటే ఆకులో పెట్టండి.

చాపరాయి, కొత్తపల్లి జలపాతం లాంటి చోట్ల ప్లాస్టిక్ కంటే ముందు భయపడాల్సింది గాజుకు. నీళ్లలో దిగేవాళ్లు చెప్పులు విప్పే దిగుతారు. పగిలిన బీరు సీసా ముక్క నీళ్ల అడుగున కనబడదు. ఎవరైనా సీసాలు తెచ్చుకుంటే ఆ బాధ్యత వాళ్లదేనని బండి ఎక్కే ముందే చెప్పేయండి.

లేచే ముందు కూర్చున్నచోట ఓ చుట్టు తిరిగి చూడండి. పిల్లలుంటే ఈ పని వాళ్లకప్పగించండి, మీ కంటే చురుగ్గా వెతుకుతారు.

5. పక్కవాళ్లు పడేస్తుంటే

కళ్లెదుటే బాటిల్ విసిరిన మనిషితో గొడవ పెట్టుకుంటే అతను సారీ చెప్పడు, ఇంకో బాటిల్ విసురుతాడు. ఫ్రెండ్స్ ముందు తలవంపుగా ఉంటుంది మరి. "అన్నా, మా దగ్గర సంచి ఉంది, ఇందులో వేసేయండి" అని నోరు తెరిచిన సంచి ముందు పెట్టండి, చాలామంది వేసేస్తారు. పెద్దవాళ్లయితే "బాబాయ్ గారూ, ఇలా ఇవ్వండి, మేం ఎలాగూ కిందికి తీసుకెళ్తున్నాం" అంటే సరిపోతుంది. వీడియో తీసి పెట్టడం నాకు నచ్చని పద్ధతి. మనిషి పరువు పోతుంది గానీ బాటిల్ అక్కడే ఉంటుంది. తాగి గుంపుగా ఉన్నవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాళ్లు వెళ్లాక మీరే ఏరుకోవడం మేలు.

6. వనభోజనాలు పెట్టేవాళ్లకు

కాలనీ వాళ్లో, ఆఫీసు వాళ్లో యాభై మంది బస్సు కట్టుకుని వెళ్తే పైన చెప్పిన పద్ధతులు ఎవరికి వారు పాటించడం జరగదు. అంతా ఏర్పాట్లు చేసే మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి మీరే అయితే మూడు పనులు చేయండి. వంటవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే "ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు తేవద్దు" అని చెప్పండి, తర్వాత చెబితే అప్పటికే కొనేసి ఉంటారు. స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి, తీసుకోండి. గ్లాసులు కడగడానికి ఓ మనిషికి విడిగా డబ్బులిచ్చి ఒప్పుకోండి, ఈ పని ఎవరో ఒకరు చేస్తారులే అనుకుంటే మధ్యాహ్నానికల్లా పేపర్ కప్పులు ప్రత్యక్షమవుతాయి. యాభై మందికి ఐదు టిన్నులు పెడితే మనిషికి రెండు లీటర్లు వస్తాయి. మజ్జిగ, పెరుగు ప్యాకెట్లకు బదులు క్యాన్లో తెప్పించండి.

7. అప్పటికే ఉన్న చెత్త ఎత్తాలనుకుంటే

నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఓ ఆదివారం కొండ శుభ్రం చేద్దామనుకోవడం మంచి ఆలోచనే. కానీ చాలా క్లీనింగ్ డ్రైవ్‌లు ఫొటోతో ఆగిపోతాయి. నిండిన సంచులు కొండ కింద రోడ్డు పక్కన వరసగా పెట్టి, పంచాయతీ వాళ్లు తీసుకెళ్తారని వచ్చేస్తారు. మర్నాటికి కుక్కలు వాటిని చింపేస్తాయి. అందుకే మొదటి ప్రశ్న ఎంతమంది వస్తారనేది కాదు, సంచులు ఎక్కడికి వెళ్తాయనేది. దీనికి జవాబు దొరికాకే తేదీ ఖాయం చేయండి.

ముందుగా ఆ ఊరి సర్పంచ్‌కో, పంచాయతీ కార్యదర్శికో ఫోన్ చేసి మాట్లాడండి. అటవీ భూమి అయితే రేంజ్ ఆఫీసులో అడగాలి. వాళ్ల దగ్గర బండి ఉందా, చెత్త వేరుచేసే షెడ్డు నడుస్తోందా కనుక్కోండి. లేదంటే ఓ ట్రాలీ ఆటో మాట్లాడుకుని పాడేరుకో, అవసరమైతే విశాఖకో తేవాలి. ఆ ఖర్చు ముందే వసూలు చేసుకోండి.

సంక్రాంతి రద్దీ తగ్గాక, వానలు పడకముందు చేయడం మంచిది. ఫిబ్రవరిలో గడ్డి ఎండి చెత్త బాగా కనిపిస్తుంది, తడవని ప్యాకెట్లు తేలిగ్గా కూడా ఉంటాయి. తోటపని గ్లౌజులు, బూట్లు, పొడుగు పట్టకార్లు, గాజు కోసం ఓ బకెట్, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉండాలి. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి, పాములు, తేళ్లు ఉండొచ్చు. సూదులు కనిపిస్తే చేత్తో పట్టుకోవద్దు, పట్టకారుతో ఓ గట్టి బాటిల్లో వేసి మూత పెట్టండి. లోయ వైపు వాలులో పడిన చెత్త కోసం ఎవరూ దిగకూడదు. ఈ విషయంలో కుర్రాళ్ల ఉత్సాహానికి కళ్లెం వేసే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

ఏరేటప్పుడే వేరు చేసేయండి: బాటిళ్లు ఒక సంచిలో, ప్యాకెట్లు, కవర్లు ఇంకో సంచిలో, గాజు బకెట్లో. అన్నీ కలిపేసి తర్వాత విడదీద్దామంటే ఎవరికీ ఓపిక ఉండదు. ఏ సంచి ఎంత బరువు తూగిందో రాసుకోండి, ఆ లెక్కతో చివర్లో పనుంది.

ఊళ్లో పిల్లల్ని పిలిచి చెత్త ఏరించడం, చివర్న ఊరివాళ్లకు శుభ్రత గురించి ఉపన్యాసం ఇవ్వడం రెండూ వద్దు. ఆ బాటిళ్లు తెచ్చింది వాళ్లు కాదు.

8. దిగాక

ఇంటికొచ్చాక సంచిని అలాగే అపార్ట్‌మెంట్ డబ్బాలో గుమ్మరించేయకండి. బాటిళ్లు, గాజు సీసాలు, డబ్బాలు పాత సామాన్ల షాపుకి. చిప్స్ ప్యాకెట్లు, కవర్లు ఆరబెట్టి మున్సిపాలిటీ బండిలో పొడి చెత్త వైపు వేయండి. మళ్లీ వాడటానికి పనికిరాని ఇలాంటి ప్లాస్టిక్‌ను సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుకు తోడుగా వాడే పద్ధతి ఉంది, కానీ పొడిగా, విడిగా వస్తేనే అది కుదురుతుంది. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి వేరుగా ఇవ్వండి.

9. అడగండి

మీరూ నేనూ ఎన్ని సంచులు మోసినా, అక్కడ ఓ పద్ధతి లేకపోతే వచ్చే సీజన్‌కి కథ మళ్లీ మొదటికొస్తుంది. పద్ధతి పెట్టిన చోట్లు ఉన్నాయి. తిరుమలలో ప్లాస్టిక్ బాటిళ్లు ఆపేశారు, గాజు సీసాలో నీళ్లు కొని, ఖాళీ సీసా ఇస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, తెచ్చిచ్చినవాళ్లకు తిరిగిస్తున్నారు. అదే ఏడాది కేదార్‌నాథ్ యాత్రలో వాటర్ బాటిళ్లకు క్యూఆర్ కోడ్ అతికించి ఇదే పద్ధతి తెచ్చారు, దాన్ని నడిపింది హైదరాబాద్‌కి చెందిన రీసైకల్ సంస్థ. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డులో 2024 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. వంజంగికి ఎక్కే దారి దగ్గర డిపాజిట్ కౌంటర్ పెట్టడం వీటికంటే కష్టమైన పనేమీ కాదు. పది రూపాయలు తిరిగొస్తాయంటే విసిరేసిన బాటిల్‌ని కూడా ఎవరో ఒకరు ఏరుకొస్తారు.

ఇలాంటిది కావాలని అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్‌కు అర్జీ పెట్టవచ్చు. పాడేరులో అర్జీలు తీసుకునే రోజు వెళ్లి ఇవ్వండి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టండి. ఒక్క పేజీ మించకుండా రాయండి: ఏ చోటు, ఏ తేదీ, ఏ రకం చెత్త, ఎంత బరువు, రెండు ఫొటోలు, మీరు కోరే ఒక్క చర్య. పది కోరికలు రాస్తే ఒక్కటీ జరగదు. నిషేధించిన ప్లేట్లు, కప్పులు ఎక్కడైనా బాహాటంగా అమ్ముతుంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ఎస్‌యూపీ-సీపీసీబీ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఇది ఘాట్ కింద హోల్‌సేల్ షాపుల మీద పెట్టండి. కొండ మీద టీ అమ్ముకునే ఆవిడ మీద పెట్టి ఉపయోగం లేదు, ఆవిడ దొరికిన కప్పే కొంటుంది.

అర్జీ ఇచ్చాక రశీదు నంబరు తీసుకోవడం మర్చిపోకండి. నెల రోజుల తర్వాత ఏమైందని అడగాలంటే ఆ నంబరే చెప్పాలి.